దీర్ఘకాలిక వైరస్ ఇన్ఫెక్షన్లు, లింఫోమా: నిర్ధారణలో చిక్కులు

లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక పెద్ద క్యాన్సర్ల సమూహానికి లింఫోమా అని పేరు. వీటిలో చాలావాటికి ఫలానా కారణమని చెప్పలేం. కొన్నిటి వెనుక మాత్రం ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన వైరస్ ఉంటుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ), అదే కుటుంబానికి చెందిన హెచ్‌హెచ్‌వీ-8, నైరుతి జపాన్‌లో ఎక్కువగా కనిపించే హెచ్‌టీఎల్‌వీ-1, హెపటైటిస్ సీ, హెచ్‌ఐవీ వీటిలో ముఖ్యమైనవి. హెపటైటిస్ బీకి కూడా కొంత పాత్ర ఉంది. ఇవన్నీ ఒకే దారిలో పనిచేయవు. మొదటి మూడూ నేరుగా లింఫోసైట్ లోపలే కాపురం పెట్టి దాని పెరుగుదలను చేతిలోకి తీసుకుంటాయి. హెపటైటిస్ సీ రోగనిరోధక వ్యవస్థను నిత్యం రెచ్చగొడుతూ బి కణాలను ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. హెచ్‌ఐవీ సీడీ4 కణాలను నాశనం చేసి, అవి ఇన్నాళ్లూ అదుపులో పెట్టిన ఇతర వైరస్‌లకు స్వేచ్ఛ ఇస్తుంది.

ఈ జబ్బుల్ని గుర్తుపట్టడంలో కష్టమంతా రెండు చోట్ల ఉంది. వైరస్ చాలామందిలో ఉంటుంది, లింఫోమా కొద్దిమందికే వస్తుంది. కాబట్టి రక్తంలో వైరస్ కనబడినంత మాత్రాన రోగికి ఏమైందో తేలదు. ఇక జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, మెడలో గడ్డలు లాంటి లక్షణాలు వైరస్‌కూ, టీబీకీ, లింఫోమాకూ ఉమ్మడి. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం కూడా అరుదేం కాదు.

అందరిలోనూ ఉండే వైరస్

ఉగాండాలో పనిచేసిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్ అక్కడి పిల్లల దవడల్లో వేగంగా పెరిగే కణితుల గురించి 1958లో రాశాడు. 1961లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇందులో వైరస్ హస్తం ఉండవచ్చని అనుమానించి కణితి ముక్కలు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు పైగా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ఒక విమానం పొగమంచు వల్ల లండన్ బదులు మాంచెస్టర్‌లో దిగింది. నమూనా ఆలస్యంగా ల్యాబ్‌కు చేరేసరికి సీసాలో ద్రవం మసకబారి ఉంది. బ్యాక్టీరియా పట్టి పాడైందని పారబోయకుండా మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఆ మసకకు కారణం ముక్క నుంచి విడివడి తేలుతున్న లింఫోమా కణాలే. వాటిని పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు హెర్పిస్ జాతి వైరస్ బయటపడింది. ఎప్‌స్టీన్, ఇవాన్ బార్, బెర్ట్ అచోంగ్ 1964లో లాన్సెట్‌లో దాన్ని ప్రకటించారు. మనిషిలో క్యాన్సర్‌తో ముడిపడిన తొలి వైరస్ ఇదే.

తర్వాత కొన్నేళ్లకు ఫిలడెల్ఫియాలో వెర్నర్, గెర్ట్రూడ్ హెన్లే దంపతుల ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్‌కు గ్రంథుల జ్వరం వచ్చింది. అంతకుముందు ఆమె రక్తంలో లేని ఈబీవీ యాంటీబాడీలు ఆ జ్వరం తర్వాత కనిపించాయి. ఆఫ్రికా పిల్లల కణితికి కారణమనుకున్న వైరస్, అమెరికా యువతీయువకులకు మామూలుగా వచ్చి పోయే జ్వరానికీ కారణమని 1968లో తేలింది. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈ వైరస్‌ను మోస్తున్నవారే. మన దేశంలో చాలామందికి పసితనంలోనే సోకి, తెలియకుండానే సర్దుకుపోతుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో పది లక్షల బి కణాలకు 1 నుంచి 50 దాకా కణాల్లో అది నిద్రాణంగా ఉంటుంది.

అందువల్ల యాంటీబాడీ పరీక్షలో ‘ఈబీవీ ఐజీజీ పాజిటివ్’ అని వస్తే దానికి దాదాపు అర్థమే లేదు. ఆ కాగితం పట్టుకుని క్యాన్సర్ వస్తుందేమోనని హడలిపోయేవారు కనిపిస్తుంటారు. నిజానికి ఆ పరీక్ష రాసి ఉండాల్సిందే కాదు. రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎంతుందో కొలిచే పీసీఆర్ అంతకన్నా నయం. అయినా హెచ్‌ఐవీ ఉన్నవారిలో, అవయవ మార్పిడి జరిగినవారిలో లింఫోమా లేకుండానే ఆ అంకె పెరుగుతుంది. ఒక ల్యాబ్ ప్లాస్మాలో కొలుస్తుంది, మరొకటి మొత్తం రక్తంలో. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

తేల్చాల్సిందల్లా వైరస్ ఏ కణంలో ఉందన్నది. దానికి కణితి ముక్క కావాలి.

టీబీ అడ్డొచ్చినప్పుడు

భారతదేశంలో మెడలో బిళ్లలు కట్టి ఆస్పత్రికి వచ్చిన మనిషిని చూసి డాక్టరు ముందుగా టీబీని తలుచుకోవడంలో తప్పేమీ లేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతుకు పైగా ఇక్కడే ఉన్నారు. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీల్లో లింఫ్ గ్రంథులకు వచ్చేదే ఎక్కువ. హెచ్‌ఐవీ కూడా ఉంటే ఆ అవకాశం మరీ పెరుగుతుంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉంది. 2021 జాతీయ అంచనాల్లో ఆ సంఖ్య 3 లక్షలు దాటింది. ఈ రెండు జబ్బులూ పుష్కలంగా ఉన్నచోట మూడోది మరుగున పడిపోతుంది.

మరుగున పడే తీరు ఇలా ఉంటుంది. గడ్డకు సన్నని సూదితో పరీక్ష చేస్తారు. చవక, మత్తు అక్కర్లేదు, మర్నాటికి రిపోర్టు వస్తుంది. అందులో ‘గ్రాన్యులోమా ఉంది, టీబీ కావచ్చు’ అని రాసి ఉంటే మందులు మొదలవుతాయి. కానీ గ్రాన్యులోమా టీబీ సొత్తు కాదు. హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ, కొన్ని టీ కణాల లింఫోమాల్లోనూ అది కనబడుతుంది. పైగా హాడ్జ్‌కిన్‌లో అసలు క్యాన్సర్ కణాలైన రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు చాలా తక్కువ. చాలా గ్రంథుల్లో నూటికి ఒకటో రెండో. మిగిలినవన్నీ వాటి చుట్టూ గుమిగూడిన మామూలు కణాలు. సూదిలోకి వచ్చిన నాలుగు చుక్కల్లో ఆ ఒక్క కణం లేకపోతే రిపోర్టు అమాయకంగా వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో హాడ్జ్‌కిన్ రోగుల్లో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా కణితి కణాల్లో ఈబీవీ దొరుకుతుంది. మన దేశంలో ఆ నిష్పత్తి అంతకన్నా ఎక్కువ, ముఖ్యంగా పిల్లల్లో. హెచ్‌ఐవీ ఉన్న హాడ్జ్‌కిన్ రోగుల్లో దాదాపు అందరిలోనూ ఉంటుంది.

మందులు మొదలయ్యాక గడ్డ కొంత తగ్గినట్టు అనిపించవచ్చు. టీబీ మందులు పనిచేస్తూ ఉండగానే గ్రంథులు తాత్కాలికంగా ఉబ్బే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, పెరిగినా ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనిపిస్తుంది. హెచ్‌ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టినవారిలో కోలుకుంటున్న రోగనిరోధక శక్తి వల్ల కూడా గడ్డలు ఉబ్బుతాయి. హాడ్జ్‌కిన్ బయటపడేదీ తరచు ఆ తొలి నెలల్లోనే. ఇలా నెలలు గడిచిపోతాయి. బర్కిట్ లింఫోమా అయితే ఆ వ్యవధి ఇవ్వదు. దాని కణాలు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు అవుతాయి.

సీబీనాట్ పరీక్ష వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. గ్రంథి నుంచి తీసిన పదార్థంలో టీబీ క్రిమి జన్యువును గంటల్లో పట్టిస్తుంది. అయితే అది నెగెటివ్ వస్తే టీబీ లేదని చెప్పలేం, పాజిటివ్ వస్తే లింఫోమా లేదనీ చెప్పలేం. రెండూ ఒకే గ్రంథిలో ఉన్న రోగుల గురించి వైద్య పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. పెట్-సీటీ కూడా ఇక్కడ తీర్పు చెప్పలేదు. టీబీ గ్రంథి, లింఫోమా గ్రంథి, అదుపులో లేని హెచ్‌ఐవీ వల్ల ఉబ్బిన గ్రంథి మూడూ స్కాన్‌లో వెలుగుతాయి. అది చేయగలిగిన మేలు, అన్నిటికన్నా ఎక్కువగా వెలిగే గ్రంథి ఏదో చూపి, ముక్క ఎక్కడి నుంచి తీయాలో సర్జన్‌కు చెప్పడం.

మెదడులో, ఛాతీ నీటిలో, ముక్కులో

సీడీ4 సంఖ్య 50 లోపుకు పడిపోయిన హెచ్‌ఐవీ రోగికి ఫిట్స్ వచ్చి ఎంఆర్ఐ తీస్తే, ఉంగరంలా అంచు వెలిగే మచ్చ కనబడుతుంది. అది టాక్సోప్లాస్మా ఇన్ఫెక్షన్ కావచ్చు, మెదడు టీబీ కావచ్చు, మెదడులోనే పుట్టిన లింఫోమా కావచ్చు. ఒకే మచ్చ, 4 సెంటీమీటర్లకు మించినది, మెదడు లోపలి గదుల అంచున ఉంటే లింఫోమా వైపు మొగ్గు. చిన్న చిన్నవి చాలా ఉంటే టాక్సో వైపు. ఇది మొగ్గు మాత్రమే. ఆనవాయితీగా టాక్సో మందులిచ్చి రెండు వారాలు చూస్తారు, మెరుగు లేకపోతే బయాప్సీకి వెళ్తారు. హెచ్‌ఐవీ రోగుల మెదడు లింఫోమాలో దాదాపు ప్రతిసారీ ఈబీవీ ఉంటుంది కాబట్టి వెన్నునీటిలో దాని డీఎన్ఏ వెతకడం ఉపయోగకరమే. కానీ లింఫోమా లేనివారి వెన్నునీటిలోనూ అది దొరుకుతోంది. మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉంటే అసలు వెన్నులో సూది గుచ్చడమే ప్రమాదం.

ఈ రెండు వారాల్లో తరచు జరిగే నష్టం స్టెరాయిడ్ వల్ల. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తే లింఫోమా కణాలు చకచకా చచ్చిపోతాయి. మచ్చ కుంచించుకుపోతుంది, టాక్సో మందు పనిచేసిందని అందరూ సంతోషిస్తారు. అప్పుడు ముక్క తీసినా పాథాలజిస్టుకు చచ్చిన కణజాలం తప్ప ఏమీ కనిపించదు. కొన్ని వారాలకు జబ్బు తిరిగి వస్తుంది. ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ ఆపాలన్న నియమం అందుకే పుట్టింది. మెడ గడ్డల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఊళ్లో ఏ జ్వరానికైనా స్టెరాయిడ్ సూది వేసే అలవాటు ఇక్కడ చేసే హాని ఎవరి లెక్కలోకీ రాదు.

హెచ్‌హెచ్‌వీ-8ను 1994లో న్యూయార్క్‌లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ కపోసి సార్కోమాలో కనుగొన్నారు. అది తెచ్చే లింఫోమాల్లో ఒకదానికి తరచు గడ్డే ఉండదు. ఊపిరితిత్తుల చుట్టూనో, గుండె చుట్టూనో, పొట్టలోనో నీరు చేరుతుంది. క్యాన్సర్ కణాలన్నీ ఆ నీటిలోనే తేలుతుంటాయి. మన ఆస్పత్రుల్లో ఛాతీలో నీరు అనగానే అందులో ఏడీఏ అనే ఎంజైమ్‌ను కొలుస్తారు. 40 యూనిట్లు దాటితే టీబీ అంటారు. లింఫోమా నీటిలోనూ ఏడీఏ పెరగగలదు. ఒకవేళ అనుమానమొచ్చి కణాలకు రంగులద్ది చూసినా మరో తికమక ఉంది: బి కణాలను పట్టించే సీడీ20 గుర్తు ఈ కణాల మీద సాధారణంగా ఉండదు. హెచ్‌ఐవీ రోగుల నోట్లో వచ్చే ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమాలోనూ అంతే. సీడీ20 ఒక్కటి చూసి వదిలేస్తే ఏదో వేరే క్యాన్సర్ అనిపిస్తుంది. ప్లాస్మా కణాల గుర్తు సీడీ138 చూడాలి, హెచ్‌హెచ్‌వీ-8 ప్రొటీన్ ‘లానా’ను చూడాలి.

ముక్కులో వచ్చే ఎన్‌కే/టీ కణాల లింఫోమా ఆసియాలోనూ, లాటిన్ అమెరికాలోనూ ఎక్కువ. ఈబీవీ దాదాపు ప్రతి కేసులోనూ ఉంటుంది. ముక్కు దిబ్బడ, రక్తం, దుర్వాసనతో మొదలై అంగిలికి కన్నం పడే దాకా పోతుంది. రక్తనాళాల గోడల్లోకి కణాలు చొరబడి వాటిని మూసేస్తాయి కాబట్టి కణజాలం చచ్చి నల్లబడుతుంది. చూడ్డానికి అచ్చం బ్లాక్ ఫంగస్‌లా ఉంటుంది. పైపైన తీసిన ముక్కలో చచ్చిన కణజాలం, చీము మాత్రమే దొరుకుతాయి. ఒకే రోగికి రెండు మూడుసార్లు, లోతుగా, బతికున్న అంచు నుంచి ముక్క తీయాల్సి రావడం ఈ జబ్బులో మామూలే.

ముక్క తీసినప్పటి నుంచి రిపోర్టు దాకా

కణంలో వైరస్ ఉందో లేదో చూపే ప్రామాణిక పరీక్ష ‘ఈబర్’. ఈబీవీ సోకిన కణంలో ఈబర్ అనే చిన్న ఆర్ఎన్ఏలు లక్షల ప్రతుల్లో ఉంటాయి. గాజు పలక మీది కణజాలంలో అవి ఉన్నచోట రంగు తేలుతుంది. కేంద్రకం ముదురు రంగులో మెరిసే ఆ పెద్ద కణం కణితి కణమా, దారినపోయే మామూలు లింఫోసైటా అన్నది పాథాలజిస్టు కన్ను తేల్చాలి. చెదురుమదురుగా ఒకటీ అరా చిన్న కణాలు రంగు పట్టినంత మాత్రాన దాన్ని ఈబీవీ లింఫోమా అనరు.

ఆర్ఎన్ఏ తొందరగా చెడిపోయే పదార్థం. ఆపరేషన్ థియేటర్‌లో తీసిన గ్రంథిని ఏం చేశారన్న దాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడుతుంది. గ్రంథిని చిదిమి ముక్కలు చేయకుండా పొరతో సహా పూర్తిగా తీయాలి. ఆలస్యం చేయకుండా మధ్యకు కోయాలి. ఫార్మలిన్ గంటకు మిల్లీమీటరు చొప్పున మాత్రమే లోపలికి పాకుతుంది, కోయని గ్రంథి మధ్యభాగం అది చేరేలోపే కుళ్లుతుంది. కోసిన ముఖాన్ని గాజు పలకకు అద్ది ఒకటి రెండు ముద్రలు తీసుకోవాలి. చిన్న తునక సెలైన్‌లో వేసి సీబీనాట్‌కూ, కల్చర్‌కూ పంపాలి. మిగిలింది పది శాతం బఫర్ చేసిన ఫార్మలిన్‌లో, ముక్క కన్నా ద్రవం ఎన్నో రెట్లు ఉండేలా వేయాలి. చిన్న ఆస్పత్రుల్లో మొత్తం గ్రంథిని ఫార్మలిన్‌లో ముంచేయడం పరిపాటి. అలా చేస్తే టీబీ కల్చర్‌కు దారి మూసుకుపోతుంది. మొత్తం సెలైన్‌లో వేసి మర్నాడు పంపితే లింఫోమాకు దారి మూసుకుపోతుంది. ఆ కాస్త ముక్కను రెండు సీసాల్లోకి పంచే నిమిషం పని, తర్వాతి ఖరీదైన పరీక్షలన్నిటికన్నా విలువైనది.

ఈబర్ నెగెటివ్ అని రిపోర్టు వచ్చినప్పుడు, అదే ముక్కలో ఆర్ఎన్ఏ చెక్కుచెదరలేదని చూపే కంట్రోల్ పరీక్ష కూడా చేశారా అన్నది అడగాలి. లేకపోతే ఆ నెగెటివ్‌కు విలువ లేదు.

క్యాన్సరా, ఇంకా కాలేదా

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇది. గ్రంథుల జ్వరం ఉధృతంగా ఉన్న యువకుడి గ్రంథిని తీస్తే అందులో రీడ్-స్టెర్న్‌బర్గ్‌ను పోలిన కణాలు కూడా ఉంటాయి. వయసు, జ్వరం ఎన్నాళ్లుగా ఉందన్న వివరాలు అందకపోతే అనుభవజ్ఞులు సైతం లింఫోమా అని రాసే ప్రమాదం ఉంది. కణాలన్నీ ఒకే తల్లికణం నుంచి వచ్చాయా అని చూసే క్లోనాలిటీ పరీక్ష సాయపడుతుంది, కానీ ఒక్కోసారి ఇన్ఫెక్షన్‌లోనూ ఒకే వంశం కణాలు ప్రబలుతాయి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారి నోట్లోనో చర్మం మీదో ఈబీవీ వల్ల పుండు పడుతుంది. మైక్రోస్కోప్ కింద అది ఉగ్రమైన లింఫోమాలాగే కనబడుతుంది. మందు ఆపితే చాలాసార్లు తనంతట మానిపోతుంది. మూత్రపిండం, కాలేయం మార్పిడి చేయించుకున్నవారిలో ఇంచుమించు ఇదే పరిస్థితి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గిస్తే కొన్ని కణితులు కరిగిపోతాయని 1984లోనే థామస్ స్టార్జ్ల్ బృందం చూపింది. కానీ మార్పిడి చేసిన అవయవంలోకి లింఫోసైట్లు చేరితే అది తిరస్కరణ కావచ్చు, లింఫోమాకు ముందుదశ కావచ్చు. మొదటిదానికి మందులు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. తప్పు వైపు తిరిగితే అవయవమో, ప్రాణమో ఏదో ఒకటి పోతుంది.

జపాన్ వైద్యులు ఎక్కువగా అధ్యయనం చేసిన దీర్ఘకాలిక క్రియాశీల ఈబీవీ వ్యాధి ఈ సరిహద్దు మీదే ఉంటుంది. మూడు నెలలకు పైగా జ్వరం, కాలేయం, ప్లీహం ఉబ్బడం, రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎక్కువగా ఉండటం దీని లక్షణాలు. మామూలుగా బి కణాల్లో ఉండే వైరస్ ఇక్కడ టీ కణాల్లోనో, ఎన్‌కే కణాల్లోనో చేరుతుంది. కొందరు పిల్లలకు ఎండ తగిలితే బొబ్బలు వస్తాయి, దోమ కుట్టినచోట చర్మం కుళ్లి జ్వరం వస్తుంది. ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగి ఒకనాడు లింఫోమాగానో, రక్తకణాలను శరీరమే మింగేసే హెచ్‌ఎల్‌హెచ్‌గానో విజృంభిస్తుంది. హెచ్‌ఎల్‌హెచ్‌కు 8 లక్షణాల్లో 5 ఉండాలన్న 2004 కొలబద్ద ఉంది. కానీ డెంగీ, స్క్రబ్ టైఫస్ కూడా ఆ 5నీ తేగలవు. వర్షాకాలంలో మన ప్రాంతపు వార్డుల్లో ఆ 8లో ఒకటైన ఫెరిటిన్ వేలల్లోకి పోయిన జ్వరాలు కొత్తేం కాదు. వాటిలో తగ్గకుండా మిగిలిన ఒకరిద్దరి ఎముక మజ్జకు ఈబర్ పరీక్ష చేయాలన్న ఆలోచన రావడమే కష్టం.

హెచ్‌టీఎల్‌వీ, హెపటైటిస్

క్యోటోలో తకత్సుకి బృందం 1977లో వర్ణించిన పెద్దల టీ కణాల ల్యూకేమియా-లింఫోమాకు హెచ్‌టీఎల్‌వీ-1 కారణమని 1980ల ఆరంభంలో తేలింది. ఎక్కువగా తల్లిపాల ద్వారా సోకి, దశాబ్దాల తర్వాత జబ్బుగా మారుతుంది. వాహకుల్లో నూటికి సుమారు ఐదుగురి లోపే ఆ స్థితికి వస్తారు. రక్తంలో పూరేకుల్లాంటి కేంద్రకం ఉన్న కణాలు, కాల్షియం విపరీతంగా పెరగడం పెద్ద ఆధారాలు. వ్యాధి వ్యాప్తిలో ఉన్న చోట డాక్టరుకు ఇది వెంటనే తడుతుంది. లేని చోట తట్టదు. మన బ్లడ్ బ్యాంకుల్లో తప్పనిసరి పరీక్షల జాబితాలో ఈ వైరస్ లేదు కాబట్టి రోగికి కూడా ముందే తెలిసే మార్గం లేదు.

హెపటైటిస్ సీ రోగుల్లో లింఫోమా రాకముందే క్రయోగ్లోబ్యులిన్లు అనే ప్రొటీన్లు కనబడుతుంటాయి. కాళ్ల మీద ఎర్ర మచ్చలు, కీళ్ల నొప్పులు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్. ఇవన్నీ కలిసి కీళ్లవాతమని అనిపిస్తాయి. పరీక్ష చేద్దామంటే రక్తాన్ని తీసిన క్షణం నుంచి సీరం వేరుచేసేదాకా 37 డిగ్రీల వేడిలో ఉంచాలి. మామూలు ట్రేలో పెట్టి ల్యాబ్‌కు పంపితే ఆ ప్రొటీన్ దారిలోనే గడ్డకట్టి రక్తపు ముద్దతో పాటు పోతుంది, రిపోర్టు నెగెటివ్ వస్తుంది. ఇక్కడ వైరస్‌ను పట్టుకోవడం చికిత్సనే మార్చేస్తుంది. ప్లీహంలో లింఫోమా, హెపటైటిస్ సీ రెండూ ఉన్న 9 మందికి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే, వైరస్ పోయిన 7గురిలో లింఫోమా కూడా పూర్తిగా అణిగిపోయిందని 2002లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు. వైరస్ లేని అదే రకం లింఫోమా రోగులు 6గురిలో ఒక్కరికీ ఆ మందు పనిచేయలేదు. ఇప్పుడు ఇంటర్‌ఫెరాన్ బదులు మూడు నెలల మాత్రలతోనే హెపటైటిస్ సీ నయమవుతోంది. నెమ్మదిగా పెరిగే రకం లింఫోమా అయితే ముందు ఆ మాత్రలే ఇచ్చి చూస్తారు.

హెపటైటిస్ బీ సంగతి వేరు. దాన్ని వెతకడం లింఫోమాకు కారణం తెలుసుకోవడానికన్నా చికిత్సలో ప్రాణం కాపాడటానికే ఎక్కువ అవసరం. లింఫోమా మందు రిటక్సిమాబ్ ఇచ్చాక నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బీ తిరగబెట్టి కాలేయం పూర్తిగా దెబ్బతినవచ్చు. ఉపరితల యాంటిజెన్ పరీక్ష ఒక్కటే చేసి నెగెటివ్ అనుకుంటే చాలదు. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్ జాడ కోర్ యాంటీబాడీలోనే కనబడుతుంది కాబట్టి, మొదటి డోసుకు ముందే ఆ రెండూ చూసి, అవసరమైతే వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెడతారు.